గోళీల సంచితో ఆలంపూర్ దాకా

ఈ ప్రయాణానికి నాకు ప్రయాణ భత్యం ఇవ్వలేదు. నాలుగు రోజులూ నా సొంత సెలవులోంచే కోసుకున్నారు. ఈ సంగతి మొదటే రాసిపెడుతున్నాను, నేను మరిచిపోయానని ఎవరూ అనుకోకూడదు. అయినా ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. బస్సు నల్గొండ దాటి ఎర్రమట్టి చెలకల్లో పడగానే నాకు సంతోషం ఆగలేదు. యాభై ఏళ్లు దగ్గరపడుతున్నా పక్క జిల్లా మహబూబ్‌నగర్‌లో నేను కాలు పెట్టలేదు. కిటికీలోంచి కనిపించిన ప్రతి గుట్టనూ ఇది ఏ ఊరిదని పక్కవాళ్లను అడుగుతూనే పోయాను.

నల్గొండలో ఒక ధర్మ దవాఖానలో మందుల కౌంటర్ నాది. ఇది రాస్తున్నది తొంభైల చివరి సంవత్సరాల్లో. హెచ్ఐవి ఉన్నవాళ్లు మా దగ్గరికి చాలా దూరం నుంచి వస్తారు. సొంత ఊరి దవాఖానకు పోతే తెలిసినవాళ్ల కంట పడతామని వాళ్ల భయం. ఆ రోగాన్ని అణిచే మందులు పరాయి దేశాల్లో ఉన్నాయని వినడమే తప్ప మేము చూసింది లేదు. మేము ఇవ్వగలిగింది రోజుకొక పెద్ద తెల్ల మాత్ర. అది రోగాన్ని పోగొట్టదు. నిమ్ము, విరేచనాల లాంటివి మీద పడకుండా ముందుగా అడ్డుకుంటుంది. రోజూ వేసుకోవాలి, ఒంట్లో బాగున్న రోజు కూడా. ఒంట్లో బాగున్న మనిషి చేత రోజూ మాత్ర మింగించడం ఎంత కష్టమో ఆ కిటికీ వెనక కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది.

దసరా పోయిన వారం మా పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి రెండు పేర్లు చూపించారు. దేవరకొండ దర్జీ ఖాదర్ భాయ్, ఆత్మకూర్ మణెమ్మ. (పేర్లు నేను మార్చాను.) ఇద్దరూ మూడు నెలలుగా మాత్రలకు రాలేదు. "దాతలు పంపే మాత్రలు ఇవి. ఎదురుచూసేవాళ్లు చాలామంది ఉన్నారు. సోమవారం ఈ పేర్లు కొట్టేస్తాను" అన్నారు. అంతటితో ఊరుకోలేదు. "కౌంటర్‌లో సరిగ్గా మాట్లాడే మనిషి ఉంటే వీళ్లు మానేవాళ్లు కాదేమో" అని కూడా అన్నారు. ఆ మాట అన్నప్పుడు గదిలో ఇద్దరు నర్సులున్నారు.

మణెమ్మ నాకు బాగా గుర్తు. ఇరవై ఆరేళ్ల మనిషి. లారీ నడిపే భర్త ఈ రోగంతోనే పోయాడు. పోయిన చలికాలం నిమ్ము చేసి మా వార్డులో పద్దెనిమిది రోజులుంది. ఇంకోసారి నిమ్ము వస్తే ఆమె ఊపిరితిత్తులు తట్టుకోలేవని చెప్పింది ఈ డాక్టరమ్మే. ఇప్పుడు మళ్లీ చలికాలం వస్తోంది.

"సోమవారం లోపల వాళ్లను మళ్లీ మాత్రల మీద పెట్టి, సంతకాలు తెస్తాను" అన్నాను.

"సరే, పోయి తీసుకురండి" అన్నారు. ఆమె వద్దంటారనుకున్నాను. వద్దని ఉంటే నాకు ఇంకో పేచీ దొరికేది.

దేవరకొండ

బస్సులో సీటు దొరకాలంటే కిటికీలోంచి తువ్వాల వేయాలి. నేనూ వేశాను. లోపలికి ఎక్కేసరికి ఆకుపచ్చ చొక్కా ఆయన నా తువ్వాల మడిచి పక్కన పెట్టి ఆ సీటులో కూర్చున్నాడు. "పేరు రాసుందా అమ్మా?" అన్నాడు. మల్లేపల్లి దాకా నిలబడే పోయాను. ఆయన మొహం ఇప్పుడు చూసినా గుర్తుపడతాను.

దేవరకొండలో దిగగానే తలెత్తితే కోట. గుట్ట చుట్టూ రాతి గోడ ఎక్కుతూ దిగుతూ పోతుంది. పైకి పోవాలని మనసు లాగింది గానీ ముందు పని. ఖాదర్ భాయ్ దుకాణం బజారులోనే ఉంది. లోపల ఇద్దరు గిరాకీలు కూర్చున్నారు. వాళ్ల ముందు మాత్రల మాట ఎత్తేది ఎలా? నేను కూడా గిరాకీనే అయ్యాను.

"జాకెట్టు కుట్టియ్యాలె భాయ్."

ఆయన నన్ను గుర్తుపట్టాడు. మొహంలో రంగు మారింది, గొంతు మాత్రం మారలేదు. "బట్ట ఏది మేడమ్?"

బట్ట లేదు. ఎదురు దుకాణానికి పోయి మీటరు పద్దెనిమిది రూపాయల లెక్కన ఒక నీలం గుడ్డ కొనుక్కొచ్చాను. నల్గొండలో అదే గుడ్డ పదహారు. కొలతలు తీసుకునేసరికి గిరాకీలు వెళ్లిపోయారు.

"ఎందుకు రాలేదు భాయ్?"

"గోళీలు అయిపోతె గద మేడమ్ వచ్చేది. సగం గట్లనే ఉన్నయ్." మిషన్ సొరుగులోంచి పొట్లం తీసి చూపించాడు. "గోష్ తిన్న దినం ఎట్లేసుకుంట? మందన్నంక పరేజ్ ఉంటది. ముందుగాల్ల ఇరవై దినాలు గోష్ ముట్టలే. గాతర్వాత చెల్లె పెండ్లొచ్చింది, మామ ఇంట్ల పిల్లగాని అఖీఖా అయింది. దావత్‌ల కూసొని తిననంటె ఏం రోగమని అడుగుతరు గద. తిన్న. తిన్న దినం గోళీ ఆపిన. జర జర అనుకుంట మొత్తమే బంద్ అయింది."

గోష్ అంటే మాంసం, పరేజ్ అంటే పథ్యం. నాకు ఒళ్లు మండింది. "గోష్ తినొద్దని నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలే. మీ కిటికీ కాడ నేనే అడిగిన, పరేజ్ ఏందని. మీరు మొహం అటు తిప్పుకున్నరు. ఇంత గట్టిగ తిప్పుకున్నరంటె పరేజ్ గూడ గట్టిగనే ఉంటదనుకున్న."

తిప్పుకునే ఉంటాను. దానికి నా కారణం నాకుంది. "ఏ పరేజ్ లేదు. అన్నీ తిను, గోళీ వేసుకో" అన్నాను. ఆయన తల ఊపాడు, సంతకం పెట్టాడు, గోళీ కూడా నా ముందే మింగాడు. కానీ కత్తెర చేతిలోకి తీసుకుంటూ, "పరేజ్ లేకుంటె గా గోళీల దమ్ ఏముంటది మేడమ్" అన్నాడు. ఆయన భార్య లోపలి నుంచి జొన్నరొట్టె, ఖీమా పంపింది. ఖీమాలో మెంతికూర వేశారు. మా ఇంట్లో ఎన్నడూ అలా వండలేదు, వచ్చినప్పటి నుంచి వండుతున్నాను. ఆ రోజుకు నాకు కోపం ఆయన తెలివితక్కువతనం మీదనే.

మహబూబ్‌నగర్

ఇక్కడి బస్టాండు అంతా సీతాఫలాల వాసన. తట్టల మీద తట్టలు, ఆకులు పరిచి, కళ్లు విచ్చిన కాయలు. తట్టెడు పది రూపాయలు. మా నల్గొండలో ఆ డబ్బుకు డజను కూడా రావు, వచ్చినా పుచ్చులు. ఒక తట్ట కొని అక్కడే ఆరు తిన్నాను. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక చేతిలో పట్టుకుంటే అమ్మే ఆమె నవ్వింది. "యాడనన్న ఊంచమ్మా, మల్ల చెట్టు మొలుస్తది. పాలమూరుల మొలవనిది ఏముంది, వానొక్కటి పడాలె గానీ."

పక్కనే బొంబాయి బస్సు కోసం ఒక గుంపు కూర్చుంది. దసరా అయిపోయింది కాబట్టి పనులకు పోతున్నారు. గంపల్లో గిన్నెలు, మూటల్లో జొన్నపిండి, మధ్యలో మేస్త్రి. వెనకాల గోడ మీద ఎయిడ్స్ గురించి పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. ఆ గోడకు వీపులు ఆనించి వాళ్లు సద్దులు తింటున్నారు. ఎవరూ తల తిప్పి చదవలేదు.

లాడ్జిలో ఒక గొడవ. "ఆడోళ్లు ఒంటరిగొస్తె రూమియ్యం" అన్నాడు గుమస్తా. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మన్నాను. ఎందుకన్నాడు. ఎవరికి చూపించాలో నాకు తెలుసన్నాను. నిజానికి తెలియదు. మూడో అంతస్తులో గది ఇచ్చాడు, బకెట్టుకు పిడి లేదు. అయినా పొద్దున కిటికీ తీస్తే ఊరంతా పొగమంచు, దాని మీద ఎండ. పిడి సంగతి అడగకుండానే దిగివచ్చాను.

ఆత్మకూర్

ఆత్మకూర్ దగ్గర పడుతుంటే నేల రంగు మారుతుంది. కృష్ణ పక్కనే ఉంది, వరి పచ్చగా ఉంది. బస్సులో ఉన్నవాళ్లంతా ఇది పక్క జిల్లా మనిషి అని నా మాటను బట్టి పట్టేశారు. ఎవరింటికి పోతున్నానో తెలుసుకునే దాకా వదల్లేదు. మణెమ్మ ఇంటికి అని చెప్తే, ఎందుకు అనే ప్రశ్న వస్తుంది. అందుకని చీరలు చూడ్డానికి వచ్చానన్నాను. అక్కడ నేత ఇళ్లున్నాయి, మణెమ్మ కూడా వాళ్లకు కండెలు చుట్టి బతుకుతుంది.

ఆమె ఇంటికి తాళం ఉంది. పక్కింటి అరుగు మీద రాట్నం ముందు ఒక ఆమె కూర్చుని ఉంది. పేరు లక్ష్మమ్మ.

"నువ్వామెకు ఏమైతవమ్మా?"

"పెద్దమ్మనైత."

"పెద్దమ్మవైతె పెండ్లికెందుకు రాలే?"

"పిలిస్తే గద వచ్చేది" అన్నాను. ఈ ప్రయాణంలో నేను ఆడిన అబద్ధాల్లో ఇంత సులువుగా నోట్లోంచి వచ్చింది ఇంకొకటి లేదు. లక్ష్మమ్మ వెంటనే నమ్మింది, జాలి కూడా పడింది. చాయ్ పెట్టి ఇచ్చింది.

"ఏం చెప్పాలె అవ్వా, నీ బిడ్డ ఎండి కట్టెపుల్లయింది. నిమ్ము చేసింది గద, దానికి నల్లగొండల గోళీలిచ్చిండ్రట. గా గోళీలకు పథ్యం. పప్పు లేదు, పులుపు లేదు, గుడ్డు లేదు, నీసు లేదు, పాలు గూడ లేవు. తెల్లబువ్వల ఇంతుప్పు, దొరికితె బీరకాయ. గట్ల నాలుగు నెలలు. కండె చుట్టుకుంట కండ్లు తిరిగి పడ్డది. వాళ్ల అత్త సాయమ్మ మంచి మనిషే, చూసి చూసి, గీ గోళీలే నా కోడల్ని తింటున్నయని డబ్బా అటుక మీద పడేసింది. మూడు నెలలాయె, భయంతోని పథ్యం మాత్రం ఇడువలే. జోగులాంబ తల్లికాడ మూడు నిద్రలు చేపిస్తనని మొన్న ఆలంపూర్ తీస్కపోయింది."

"పథ్యం ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలేదట. గోళీలిచ్చే ఆమెను అడిగితె నోరు తెరవలేదట. చెప్పకపోతె అన్నీ బంద్ చేసుడే గద. ఒకటి తిని ఇంకోటయితె ఎవరి పానం పోయినట్టు?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను. అందులో సగం మిగిలే ఉంది.

కృష్ణ దాటుతూ

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. పదకొండేళ్ల కింద మా దవాఖానకు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. ఒక ముసలాయన నన్ను పథ్యం అడిగితే, వంకాయ, చింతపండు కొన్నాళ్లు మానుకోమన్నాను. మా అమ్మ చెప్పేది, నేనూ చెప్పాను. ఆ డాక్టరు విన్నాడు. వరసలో నలభై మంది ఉండగా, "ఇది మందుల కౌంటరా, ఆకుపసరు అంగడా?" అన్నాడు. వరసలో ఎవరో నవ్వారు. ఆ రోజు నుంచి పథ్యం అనే మాట ఎవరు అడిగినా నేను నోరు తెరవలేదు. డాక్టరునే అడగమని చేయి చూపించి మొహం తిప్పేదాన్ని. ఆయన ఏడాదికే బదిలీ అయి వెళ్లిపోయాడు. నేను మాత్రం తిప్పిన మొహం తిప్పినట్టే ఉంచాను.

డాక్టర్లను పథ్యం అడిగే ధైర్యం మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఉండదు. ఇంగ్లీషు మందులకు ఈ పథ్యాలు అక్కర్లేదని డాక్టర్లకు తెలుసు కాబట్టి వాళ్లూ చెప్పరు. మధ్యలో కిటికీ దగ్గర చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్ని. ఇన్నేళ్లలో ఎంతమంది ఉప్పు, తెల్లబువ్వ తిన్నారో.

ఆ డాక్టరును నేను క్షమించలేదు. కానీ గద్వాల దాకా బస్సులో నాకు ఆయన మొహం కనిపించలేదు. కిటికీ ముందు నిలబడి "పథ్యం ఏందమ్మా" అని అడుగుతున్న మణెమ్మే కనిపించింది. చెప్పు తెగిపోయిందని కూడా దిగేదాకా చూసుకోలేదు.

ఆలంపూర్

ఒక చెప్పుతో ఆలంపూర్‌లో దిగాను. ఆ ఊరు చూసి నా బాధ కూడా కాసేపు మరిచిపోయాను. ఎర్రరాతి గుళ్లు ఒకటి కాదు రెండు కాదు, వరసగా తొమ్మిది. వాటి వెనక నిండుగా తుంగభద్ర. గుళ్ల పక్కనే దర్గా. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టినవాళ్లే అటు పోయి ఊదు వేసి వస్తున్నారు. మా దగ్గర కూడా దర్గాలకు అందరూ పోతారు గానీ గుడి గోడకు దర్గా గోడ ఇంత దగ్గరగా నేను చూడలేదు.

సత్రం వరండాలో వాళ్లు దొరికారు. చాప మీద పడుకున్నది మణెమ్మ అని పోల్చుకోవడానికి నాకు కొంచెం సేపు పట్టింది. బుగ్గలు లోపలికి పోయాయి. పక్కన కూర్చున్న సాయమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు గా గోళీలమ్మవు గదా. ఈడిదాంక వచ్చినవా? ఇంకేం మిగిలిందని వచ్చినవ్?"

"అత్తా, జర ఊకో" అంది మణెమ్మ.

"ఎందుకూకోవాలె? నిమ్మునుంచి లేసొచ్చినప్పుడు మనిషి తీరు ఉండె. నీ గోళీలు మింగబట్టి ఇట్లయింది."

దగ్గుందా, జ్వరముందా అని అడిగాను. రెండూ లేవంది మణెమ్మ. నా గుండె కాస్త నిమ్మళించింది. ఇంకా సమయం ఉంది.

"గోళీలతోని కాదమ్మా ఇట్లయింది, తిండి లేక. ఈ గోళీకి పథ్యం లేదు. అన్నీ తినొచ్చు" అన్నాను.

సాయమ్మ నవ్వింది. అది మంచి నవ్వు కాదు. "పథ్యం లేని మందుంటదా? గా మాటతోనే తెలుస్తాంది అది ఉత్త సున్నం బిళ్లని. మా ఊరి పసర్ల మల్లయ్య కాలిబెణుకుకు పట్టేసినా పదకొండొద్దులు పథ్యం చెప్తడు. పానానికి సంబంధించిన మందు, ఏం లేదంటవ్."

ఖాదర్ భాయ్ అన్నదీ ఇదే. పథ్యం లేదంటే వీళ్ల చెవికి మందు లేదన్నట్టే వినిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా కౌంటర్‌లో కూర్చున్నదాన్ని, డాక్టర్ల ముందు ఈ మాట అనగలనా అని ఆలోచించాను. అనగలను అనిపించింది. అంతా నిజమే కదా.

"సాయమ్మా, నేను ఇన్నాళ్లు చెప్పలేదు, అది నా తప్పు. ఈ గోళీకి పథ్యం ఉన్నది. మామూలు పథ్యం కాదు, మస్తు గట్టిది. చేస్తనంటెనే చెప్త."

సాయమ్మ చాప మీద సర్దుకుని కూర్చుంది. "చెప్పు."

"గోళీ ఉత్త కడుపున వేసుకోవద్దు. బువ్వ తిన్నంకనే. పెద్ద చెంబెడు నీళ్లతోని. రోజూ పప్పు ఉండాలె. రోజుకొక గుడ్డు, తప్పేదే లేదు. దొరికిననాడు నీసు. పాలో పెరుగో పూటకింత. ఉపాసం పనికిరాదు, ఒక్క పొద్దు గూడ. ఒంటి మీద దద్దు లేస్తె మాత్రం గోళీ ఆపి నా దగ్గరికి ఉరికి రావాలె. ఒక్క దినం తప్పొద్దు. కాగల పని అయితెనే గోళీలు పట్టు, లేకుంటె నేను వాపసు తీస్కపోత."

సాయమ్మ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. పప్పు, గుడ్డు, పాలు, నీసు. "గుడ్డు ఉడకవెట్టిందా, పొరటా?"

"ఏదైనా."

"వంకాయ?"

"తినొచ్చు."

"గట్లెట్ల? ఒక్కటన్న వద్దనాలె గద."

ఆలోచించాను. "కల్లు వద్దు" అన్నాను. ఆమె తృప్తిగా తల ఊపింది.

"ఎన్నొద్దులు, ఎన్ని దినాలు?" అంది.

దీనికి మాత్రం నేను సిద్ధంగా లేను. మణెమ్మ నా మొహమే చూస్తోంది. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. "ఒద్దులు లేవు. రోజూ" అన్నాను.

"బతికినన్నొద్దులు అన్నట్టు" అంది మణెమ్మ మెల్లగా. "కానీ మంచిగ తినుకుంట."

ఆ మధ్యాహ్నం దర్గా దగ్గర గద్వాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం కందూరు చేస్తోంది. మొక్కు మేకను కోసి, వండి, వచ్చినవాళ్లందరికీ పెట్టడం. పిలుపులు ఉండవు, ఎవరైనా కూర్చోవచ్చు. మూడు నిద్రలు ఆ పొద్దుటికే తెల్లారాయి కాబట్టి అమ్మవారికి లోటు లేదని సాయమ్మే తీర్పు చెప్పింది. కోడల్ని రెక్క పట్టుకుని లేపి తీసుకుపోయింది. నేను వెనకాల ఒక చెప్పుతో.

విస్తరాకులో అన్నం, మీద కూర. మణెమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "జర జరనే తిను, కడుపుకు అలవాటు లేదు" అన్నాను. వడ్డించే పెద్దాయన ఆమె విస్తరి చూసి, "బిడ్డకు కారం ఎక్కువైందా" అన్నాడు. లేదని తల ఊపింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, అయినా తింటూనే ఉంది. నాలుగు ముద్దలు, అయిదు. సాయమ్మ తన విస్తరిలోని మెత్తటి ముక్కలు ఏరి ఆమె ఆకులో వేస్తోంది. తర్వాత చెంబెడు నీళ్లు తనే తెచ్చి, నా సంచిలోంచి గోళీ తనే తీసి, కోడలి అరచేతిలో పెట్టింది. "మింగు. పథ్యం మంచిగ చేసినవు."

వేలిముద్రకు సిరా లేదు. కందూరు వాళ్ల పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి రుద్దుకుని కాగితం మీద వేలు అద్దింది మణెమ్మ.

మళ్లీ నల్గొండ

తిరుగు దారిలో దేవరకొండలో దిగి ఖాదర్ భాయ్‌కి ఆయన పరేజ్ ఏమిటో చెప్పాను. గోష్ తిన్న రోజు గోళీ మానితే పరేజ్ తప్పినట్టే అన్నాను. ఆయన రెండుసార్లు అడిగి చెవులారా విని నమ్మాడు. జాకెట్టు మాత్రం చేతులు బిగుతుగా కుట్టాడు.

సోమవారం కాగితాలు డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆమె చదివి, "మంచిది" అన్నారు. ఒక్క మాట. సెలవులు వెనక్కి వేయలేదు.

ఇప్పుడు నా కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా అడగకముందే పథ్యం చెప్తాను, వరస చివరి వరకూ వినపడేటట్టు. మణెమ్మ నెల తిరగగానే వచ్చింది, ఆ తర్వాతి నెలా వచ్చింది. చలికాలం నడుమకు వచ్చాం, నిమ్ము రాలేదు. ముందు ముందు ఏమవుతుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఈసారి ఆమె వెంట సాయమ్మ కూడా వచ్చింది, నా మీద ఫిర్యాదు చేయడానికి.

"ఏం పథ్యం పెట్టినవమ్మా. దినాం గుడ్డాయె, దినాం పప్పాయె. కోళ్లు గుడ్లు పెట్టలేక సస్తున్నయ్. ఒక్క వారం జర సడలియ్యరాదా?"

కుదరదన్నాను.

"ఇంత మొండిదానివేందమ్మా నువ్వు" అంది సాయమ్మ. ఆమె వెనక మణెమ్మ, రవికె భుజాల దగ్గర నిండుగా, తర్వాతి నెల పొట్లం కోసం చేయి చాపింది.